మధ్యలో పెట్టిన ఎర్ర గడి

ఆసుపత్రిలో నర్సుగా చేసే వదిన మధ్యాహ్నం మరిదికి ఫోన్ చేసింది. వార్డు కంప్యూటర్లలో కొత్తగా వచ్చిన మందుల స్క్రీన్‌కి ప్రోగ్రామ్ రాసినవాడు అతనే.

“నీ స్క్రీన్ భలే కుదిరిందోయ్. నువ్వే రాశావంటే మీ అన్నయ్య నమ్మడం లేదు.”

“నేను ఉద్యోగం చేస్తున్నానంటేనే ఇంకా నమ్మలేదు వదినా. ఎర్ర గడి బాగా కనిపిస్తోందా?”

“ఎర్ర గడా? ఎక్కడ?”

“నడిమధ్యలో. రోగికి పడని మందు రాస్తే అది ఎర్రగా వెలుగుతుంది. ముఖ్యమైనదని మధ్యలో పెట్టాను.”

“మధ్యలో ఏమీ లేదే! ఎడమవైపు పేర్లు, కుడివైపు మందులు, అంతే.”

“విండో చిన్నది చేశారా?”

“పక్కన మంచాల పట్టిక కూడా కనిపించాలిగా. అందరం సగానికి లాగే వాడుతున్నాం.”

“విండో కుదిస్తే రెండు పక్కలవీ తమ చోటు ముందే తీసేసుకుంటాయి వదినా. మిగిలిందే మధ్యకి. ఏమీ మిగలకపోతే అది మాయమైపోతుంది. విండో ఇంతకన్నా తగ్గకూడదని నేను కట్టడి పెట్టలేదు.”

“పది రోజులుగా ఒక్క హెచ్చరికా లేదని సంబరపడుతున్నామయ్యా!”

“ముందు పెద్దది చెయ్యండి.”

మౌస్ నొక్కిన చప్పుడు.

“కనిపించిందా వదినా?”

“ఏడో మంచం రోగికి ఎర్రగా వెలుగుతోంది. మా సిస్టర్ ఇప్పుడే ఆ ఇంజెక్షన్ పట్టుకుని అక్కడికే వెళ్ళింది...”

ఫోన్ బల్లమీద పడింది. వదిన చెప్పుల చప్పుడు పరుగున దూరమైంది.

ఆ స్క్రీన్‌లో ఏ గడి ఎంత వెడల్పో అతనికి కంఠతా వచ్చు. ఏడో మంచం ఎంత దూరమో తెలియదు.