కనపడకూడని అతుకు

మధ్యాహ్నం బ్యాచ్ వెళ్ళిపోయింది. ఖాళీ అయిన కంప్యూటర్ సెంటర్‌లో ఇద్దరే మిగిలారు: కొత్తవాళ్ళకి వీడియో ఎడిటింగ్ నేర్పే అమ్మాయి, స్కూలు బస్సులో ఆయాగా పనిచేసే ఆమె పిన్ని.

"అలా కాదు పిన్నీ, మౌస్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకోకు. వదులుగా. ఆఁ. ఇప్పుడు ఆ బొమ్మ మీద నొక్కి, అలాగే పట్టుకుని, కిందికి లాగి, రెండు క్లిప్పుల మధ్య వదిలెయ్."

"వదిలేశాను. ఎక్కడికో పోయింది."

"ఎక్కడికీ పోలేదు, పక్కన పడింది. మళ్ళీ లాగు. రెండూ కలిసేచోట పడాలి, సరిగ్గా అతుకు మీద."

"పడింది పడింది. ఇదేంటే, తెర నల్లగా అయిపోయింది! పాడుచేశానా?"

"లేదు, దాన్ని ఫేడ్ అంటారు. మొదటి క్లిప్ మెల్లగా చీకట్లోకి పోతుంది, రెండోది చీకట్లోంచి వస్తుంది. బాగుందా?"

"చీకటొద్దు. చీకటి పడితే మధ్యలో ఏదో అయిందని తెలిసిపోతుంది."

"అయితే ఇది చూడు, వైప్. పలక తుడిచినట్టు ఒక పక్కనుంచి..."

"వద్దు."

"ఇది పేజీ తిప్పినట్టు ఉంటుంది. పిల్లల వీడియోలకి అందరూ ఇదే పెడతారు. గుండ్రంగా తిరిగేది ఉంది, నక్షత్రంలా విచ్చుకునేది ఉంది..."

"నక్షత్రాలూ వద్దు, గిక్షత్రాలూ వద్దు. అసలేదీ కనపడకూడదు. ఈ ముక్కా ఆ ముక్కా పుట్టినప్పట్నుంచీ ఒకటే అన్నట్టుండాలి. అలాంటిది లేదా?"

"డిజాల్వ్ ఉంది. ఒక బొమ్మలోకి ఇంకోటి కరిగిపోతుంది. కానీ పిన్నీ, ట్రాన్సిషన్ అంటేనే 'ఇక్కడ మారుతోంది, చూసుకోండి' అని చెప్పడం. కనపడకూడదనుకుంటే అసలు ఎందుకది?"

"ఆ పాఠం నీ స్టూడెంట్లకి చెప్పుకో. నాకు ఆ కరిగిపోయేది నేర్పు చాలు."

"నేర్పుతాలే. ఈ నమూనా క్లిప్పులు తీసేసి నీవి వేద్దాం. పిల్లల వీడియో అన్నావుగా, తెచ్చావా?"

"తెచ్చాను. నువ్వు చూడక్కర్లేదు. ఎలా చెయ్యాలో చెప్పేసి వెళ్ళి టీ తాగిరా. నేను చేసుకుంటా."

"మౌస్ పట్టుకోవడం రాలేదు, ఒక్కదానివీ చేసుకుంటావా? ఇలా ఇవ్వు. ఏంటిది, మెమరీ కార్డా? ఫోన్‌లో తీసింది కాదా?"

"ఏదో ఒకటి. పెట్టు ముందు."

"ఇది బస్సు కెమెరాది. మూల టైము అంకెలు పడుతున్నాయి. పిల్లల వీడియో అన్నావు?"

"పిల్లలుంటారులే అందులో."

"ఏ ముక్క తియ్యాలి?"

"మూడూ నలభై ఒకటి నుంచి మూడూ నలభై ఆరు దాకా. ఆ మధ్యలోనే జరిగిందని ఆఫీసులో రాసుకున్నారు. అది తీసేసి ముందుదీ వెనకదీ అతికించాలి."

"పిన్నీ, మొన్న మీ బస్సులో పాప చెయ్యి విరిగింది, అదేనా?"

"ఫ్యాను కొంచెం పెంచు. ఉక్కగా ఉంది."

"పిన్నీ!"

"అదే. అదే అయితే ఏం చేస్తావు? బయటికి పొమ్మంటావా?"

"ముందు చెప్పు. ఏమైంది?"

"ఏమవ్వడమేంటి, మీ బాబాయి బస్సు నడుపుతూ ఫోన్ చూశాడు. ఎదురుగా ఏదో కనపడి బ్రేకు మీద కాలేశాడు. పాప వచ్చి ముందు కడ్డీకి కొట్టుకుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఒక్క గీత పడలేదు బస్సు మీద. ఒక్క నిమిషం బుద్ధి గడ్డి తిని..."

"బాబాయా? ఫోన్ మోగినా బండి పక్కకి ఆపి ఎత్తుతాడు కదా."

"నేనూ నమ్మలేదు. ఆయన నోటితో ఆయనే చెప్పాడు, అందరి ముందూ. అసలు మొదట నన్నే అన్నారు. ఆ పాప ఏమందో తెలుసా? 'ఆయమ్మ పడుకుంది' అంది. నేను! పదకొండేళ్ళలో బస్సులో ఒక్క కునుకు తియ్యలేదు. చిన్నపిల్ల, దెబ్బ తగిలి భయపడి ఏదో అంది, దాన్నేమంటాం? కానీ ఆఫీసులో అందరూ నావైపే చూశారు. అప్పుడు మీ బాబాయి లేచి, ఆమె తప్పేం లేదు, నేనే ఫోన్ చూశానన్నాడు. రేపు పొద్దున్న కాగితం మీద రాసివ్వాలి. రాసిస్తే లైసెన్సు కూడా పోతుందట."

"మరి ఈ కార్డు నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. కెమెరా పనిచెయ్యట్లేదని చెప్పాడు స్కూలువాళ్ళకి. ఇవాళ ఆయన షేవింగ్ డబ్బా తుడుస్తుంటే అడుగున దొరికింది. అంటే ఫోన్ చూడటం ఇందులో పడింది, అందుకే దాచాడు. అదొక్కటీ తీసేసి మిగతాది నేనే తీసుకెళ్ళి ఇస్తా. కుక్క అడ్డమొచ్చిందని చెప్తా. ఏదీ కనపడకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?"

"అంకెలు? నలభై ఒకటి తర్వాత టక్కున నలభై ఆరు వస్తే?"

"అంకెల మీద ఏదైనా అంటించు. ఆ నక్షత్రం అంటించు."

"నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది నిన్ను చూస్తుంటే. సరే, ఒక్క మాట చెప్పు. తప్పు నాదేనని నలుగురి ముందూ ఒప్పుకున్న మనిషి, ఆ తప్పు కనపడే కార్డు దాచడమెందుకు?"

"ఎందుకేమిటి... సిగ్గేసి."

"చెప్పడానికి వెయ్యని సిగ్గు చూపించడానికి వేసిందా?"

"నన్ను తికమకపెట్టకే చిట్టీ. చేస్తావా, చెయ్యవా?"

"నువ్వు చూశావా ఇది?"

"ఆ పాప పడటం నేను చూడలేను. అది నా చెయ్యి పట్టుకుంటే గాని మెట్టు దిగదు. నావల్ల కాదు."

"అయితే నేను చూస్తా. ఎక్కడ కొయ్యాలో చూడకుండా ఎలా కొయ్యను?"

"చూడు. నేను గోడవైపు తిరుగుతా. అయిపోయాక చెప్పు."

పిన్ని కుర్చీని గోడవైపు తిప్పుకుంది.

"బస్సులో నువ్వూ పాపా తప్ప ఎవరూ లేరు."

"ఆఖరి స్టాపు దాని ఇల్లే."

"నువ్వు నీళ్ళ సీసా మూత తీస్తున్నావు."

"ఆఁ, దాహమంది. ఇంకెంతసేపు?"

"మూత తీశాక ఏమైంది? నీకేం గుర్తుంది?"

"బస్సు ఆగి ఉంది. పాప ఏడుస్తోంది. మీ బాబాయి ఎత్తుకుని ఊరుకోబెడుతున్నాడు."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుంది, బ్రేకే. నా నుదురు కూడా కొట్టుకుంది."

"సీసా?"

"నా చేతిలోనే ఉంది. ఏంటే ఈ లాయరు ప్రశ్నలు?"

"నుదురు బొప్పి కట్టేంత బ్రేకు పడితే, మూత తీసిన సీసా చేతిలోనే ఉందా?"

"ఉంది. ఖాళీది. నా ఒళ్ళంతా తడిసిపోయింది... ఏం చూస్తున్నావే నువ్వసలు?"

"ఇటు తిరుగు."

"తిరగను."

"బాబాయి చేతిలో ఫోన్ లేదు పిన్నీ. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి."

"సరిగ్గా చూడు."

"మూడోసారి చూస్తున్నా. ఇటు తిరుగు. పాప పడేచోట ఆపేస్తాను, ఒట్టు."

"ఏదీ... అది నేనేనా?"

"నువ్వే."

"కిందెందుకున్నాను? ఆ కాళ్ళేంటి, అలా కొట్టుకుంటున్నాయి?"

"ఫిట్స్ పిన్నీ. నిన్ను లేపుదామని పాప సీటు దిగింది. అదిగో, నీ భుజం తడుతోంది. బాబాయి అద్దంలో నిన్ను చూశాడు. అప్పుడు వేశాడు బ్రేకు."

"పడుకుందంది... పాపం, దానికి కనపడిందే చెప్పింది."

"ఆపేస్తా ఇక్కడ."

"వద్దు. పోనీ ముందుకి. ఇంకా అయిదు నిమిషాలు కాలేదుగా."

"ముందు పాపని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. ఇప్పుడు నీ దగ్గరికొచ్చాడు. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాడు. తల కింద తువ్వాలు పెట్టాడు."

"వాచీ చూస్తున్నాడెందుకు?"

"ఎంతసేపుంటుందో చూస్తున్నాడు. కదలడం ఆగింది. ఎత్తి సీట్లో ఆనించాడు. మూతి తుడిచాడు, జుట్టు సర్దాడు. సీసా వెతికి తెచ్చి నీ చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ మూస్తున్నాడు. ఇప్పుడు వెళ్ళి పాపని ఎత్తుకున్నాడు."

"అంత నెమ్మదిగా ఎలా... కంగారే లేదు ఆ మనిషికి."

"లేదు. అలవాటైన పనిలా చేస్తున్నాడు."

"పోయిన నెల వంటింట్లో కుక్కర్ మాడి గబ్బు లేచింది. నిలబడే కునుకు తీశావన్నాడు. నవ్వాడు కూడా. అంతకుముందు మేడ మీద బట్టలారేస్తుంటే... చిట్టీ, పోయినేడు తలనొప్పికని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తలకి తీగలు పెట్టారు. డాక్టరు నన్ను బయట కూర్చోమని ఆయనతో మాట్లాడాడు. ఏముందంటే, ఏం లేదు, బలానికి మాత్రలిచ్చారన్నాడు. రోజూ ఆయనే గుర్తుపెట్టుకుని నోట్లో వేస్తాడు."

"నువ్వు భయపడతావని దాచుంటాడు. పని మానేస్తే దిగులుపడతావని."

"అవును. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేనని నేనే అంటుంటా."

"మంచినీళ్ళు తాగు. ఏం చేద్దాం ఇప్పుడు? ఆ ముక్క తియ్యనా?"

"ఏదీ తియ్యకు. ఉన్నదున్నట్టు ఆ కార్డు నా చేతికివ్వు. ఇప్పుడే తీసుకెళ్ళి ఇచ్చేస్తా."

"పోనీలే పిన్నీ, ఒకందుకు మంచిదే అయింది. బాబాయి తప్పేమీ లేదని ఇందులో స్పష్టంగా ఉంది."

"తప్పు లేదా? పొద్దున్నే పద్దెనిమిది మంది ఎక్కుతారే ఆ బస్సు. ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని రోడ్డు మీద దించేది నేను. ఏడాదిగా అన్నీ తెలిసి, రోజూ వాళ్ళందరినీ నా చేతికే అప్పగించాడా?"