మాస్టారి తొలి వాదన

న్యాయశాస్త్ర ఆచార్యులకు ఉచిత న్యాయ సహాయ వ్యాజ్యాలలో మాత్రమే వాదించే అనుమతి లభించిన తరువాత, విజయవాడ కోర్టు వరండాలో ఒక ఆచార్యునికీ, ఆయన తొలి కక్షిదారైన నేతకారిణికీ జరిగిన సంభాషణ ఇది.

"అమ్మా, తుది తీర్పు వచ్చేదాకా మీ మగ్గం షెడ్డును ఎవరూ ఖాళీ చేయించలేరు."

"మీ చలవేనండీ మాస్టారూ. కానీ మధ్యలో నా గుండె జారిపోయిందండీ. స్థలం ఆసామి తరఫు మాటలన్నీ మీరే చెప్పేశారేంటండీ?"

"అలవాటమ్మా. ముప్ఫై ఏళ్లుగా క్లాసులో రెండు పక్షాలూ నేనే వినిపిస్తున్నాను."

"ఆళ్ల ప్లీడరుగారు తెగ నవ్వుకున్నారండీ."

"నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాక నవ్వలేదుగా?"

"నవ్వేదేముందండీ! ఆయన చెప్పడానికి మీరేమైనా మిగిల్చారా? లేచి, మళ్లీ కూర్చున్నారు."

"నేను ఎదుటిపక్షం వాదన చెబుతుంటే మీరు భయపడి కూడా నన్ను ఆపలేదు. అందుకు నేనే మీకు కృతజ్ఞుణ్ణమ్మా."

"పడుగు మాత్రమే చూసి చీర బాగాలేదంటామా అండీ? పేక పడనివ్వాలిగా."

"వచ్చే వాయిదాకి జాగ్రత్తగా ఉంటానమ్మా."

"వద్దండీ మాస్టారూ. అప్పుడు కూడా ముందు ఆళ్ల మాటే చెప్పండి. నేను ధైర్యంగా కూర్చుంటాను."