సున్నాలు ఆరబోసిన జనార్దనం

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర నరసమ్మ టీ బంకు ముందు రెండు బెంచీలుండేవి. ఒకటి మా అందరికీ, రెండోది మొత్తం జనార్దనానికి. మాట్లాడేటప్పుడు చేతులు ఆడించడానికి ఆయనకు ఆ మాత్రం చోటు కావాలి. ఆయనది జెరాక్సు అంగడి. కంప్యూటర్లు కూడా బాగుచేయబడునని బోర్డు మీద రాయించుకున్నాడు. ఇది రెండువేల ఆరు నాటి మాట.

ఆ పొద్దున లూదియా టీచరు వచ్చింది. అహోబిలం దావలో, కొండ కింద చెంచుగూడెం బడిలో పనిచేస్తుంది. ఆమె ల్యాప్‌టాప్ చెడిపోతే పది రోజుల కింద ఈయన చేతికిచ్చింది. గూడెంలో గోవిందమ్మవ్వ పాడిన పాటలు అందులోనే ఉన్నాయి. అవ్వ ఇప్పుడు లేదు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు. వచ్చే ఆదివారానికి అవ్వ పోయి ఏడాది, ఆ రోజు గూడెమంతటికీ ఆమె గొంతు వినిపిస్తానని టీచరు మాటిచ్చింది.

“జనార్దనన్నా, నాది ఏమైంది? ఆన్ చేసి చూడలేదు గదా? టక్‌టక్‌మనే డిస్కును ఆన్ చేసినకొద్దీ చస్తాదని కర్నూల్లో డిస్కులు బాగుచేసే ఒకాయన చెప్పినాడు. నాకు భయంగా ఉందన్నా.”

“కర్నూలోళ్లకేం తెల్సు టీచరమ్మా! కూచో. నరసమ్మా, టీచరమ్మకు ఒక టీ పొయ్. టక్‌టక్ కూడా ఒక రోగమేనా? నంద్యాల్లో నేను బతికించినదాని ముందర నీది ఒట్టి జలుబు. శ్రీహరి శెట్టి అని పత్తి విత్తనాల యాపారి ఉండాడు, మూడు జిల్లాల రైతుల పేర్లన్నీ ఆయప్ప ల్యాప్‌టాప్‌లోనే, ఒకనాడు పొద్దున్నే మూత తెరిస్తే కుయ్ కుయ్ కుయ్ అని మూడు కూతలు కూసింది, తెర నల్లగా, ఊర్లో మెకానిక్కులు నలుగురు చేతులెత్తేసినారు, నాకు కబురొచ్చింది. నేను అందరి మాదిరి స్క్రూడ్రైవరు తీయలా. ముందు చెవి పెట్టినా. ‘శెట్టీ, ర్యామ్ కదిలింది, ర్యామ్ అంటే దాని గ్యాపకం’ అని చెప్పి, కింది మూత విప్పి, ఆ పట్టీని బయటికి లాగి, బడిపిల్లోళ్ల రబ్బరుతో నాలుగుసార్లు రుద్ది మళ్లా పెట్టినా. లేచి కూచుంది!”

“అది నిజమేలే, మా మరిదిది కూడా అట్ల రుద్దితేనే లేచింది” అన్నాడు పక్కనున్న వెంకటయ్య.

నిజమని ఒకరు ఒప్పుకోవడమే తప్పయింది. ఇంక జనార్దనం ఆగలేదు.

“లేచిందా? లేచి ఏం జేసిందో తెల్సా? లోపల డిస్కు దగ్గడం మొదులుపెట్టింది. పట్టుకుంటే కాలుతాంది, నూటనాలుగు జరం. బిరీన సోడా అంగట్లోంచి మంచుగడ్డ తెప్పించి, డిస్కును పాలితీను కవర్లో చుట్టి దాని మీద పెట్టినా. పెట్టీ పెట్టకనే మంచుగడ్డ నీళ్లాయ, నీళ్లు మసలబట్టె, శెట్టి ఆ నీళ్లలోనే టీపొడి వేసుకున్నాడు. ఇట్ల కాదని మోటారు సైకిలెక్కి యాగంటికి పోయినా. నంది నోట్లోంచి నీళ్లు పడతాయి చూడు, ఆ ధార కింద పట్టుకున్నా. సల్లబడింది. సల్లబడింది గానీ రవంత ఎక్కువైపాయ. లోపలుండేటివన్నీ సలికి గజగజా వణికి ఒకదాన్నొకటి కరిచిపట్టుకున్నాయి, ఇడిపించుకోమంటే ఇడిపించుకోవు. ఆ తర్వాత ఏమైందో తెల్సా?”

“ఆయమ్మ అడిగినదానికి ముందు జవాబు చెప్పప్పా” అంది నరసమ్మ.

“దానికే వస్తాండా. గడివేములలో మా పెదనాయన మిద్దె మీద దుప్పటి పరిచి, డిస్కును బోర్లించి తట్టినా. లోపల ఏముంటాయనుకున్నావ్ టీచరమ్మా? పాటా ఉండదు, ఫోటో ఉండదు. అన్నీ సున్నాలు, ఒకట్లే. కంప్యూటర్ చదివినోళ్లను అడుగు, నేనెందుకు అబద్ధం చెప్తా? మిరపకాయలు పోసినట్ల కుప్ప పడినాయి. కాలితో నెరిపి ఎండకు ఆరబోసినా. రవంత కన్ను మలిగిందో లేదో, పిచ్చుకల మంద దిగి, సున్నాలను జొన్నలనుకొని తినేసి పాయ. ఒకట్లను ముట్టలేదు, గొంతులో గుచ్చుకుంటాయని.”

వెంకటయ్యకు టీ పొరబోయింది. నరసమ్మ ఆయన నెత్తిన తట్టింది.

“నవ్వుతాండారా? ఒట్టి ఒకట్లతో ఏ కంప్యూటరన్నా నడుస్తాదా? కొత్తపల్లెలో తిరనాల జరుగుతాందని ఎవురో చెప్తే, పోయి గాజుల మలారాలు ఎన్నుంటే అన్నీ ఎత్తుకొచ్చినా. చిన్న సున్నాకు పాప గాజు, పెద్ద సున్నాకు పెద్ద గాజు, ఒకట్ల మధ్యన పేర్చుకుంటా పోయినా. ఈ పొద్దుకీ శెట్టి ల్యాప్‌టాప్ తెరిస్తే గలగలా అంటాది, ఎవురో ఆడమనిషి వచ్చిందని శెట్టి పెండ్లాం వంటింట్లోంచి తొంగిచూస్తాది. గాజులన్నీ ఎక్కించినాక, అప్పుడు, ర్యామ్ ఠప్పుమని కాలిపాయ! నలభై జీబీ దాటించాల, నడిమధ్య గ్యాపకం లేదు. ఏం జేస్తా? నా తలకాయే పెట్టినా. కుడిచెవికి ఒక వైరు, ఎడమచెవికి ఒక వైరు. నలభై జీబీ ఈడ దూరి ఆడ బయటికి పాయ. మూడు దినాలు, మా ఇంటిది పద్మ ‘కూరలో ఉప్పు సాలిందా’ అంటే ‘ఎంటర్ నొక్కు’ అన్నా. ఇప్పుడడుగు, మూడు జిల్లాల్లో ఎవురు ఏ గెట్టు పక్కన ఏ విత్తనం చల్లినారో అన్నీ ఈ తలకాయలో ఉండాయి. ఈడికి ఒకసారి వచ్చిందంటే సచ్చేదాకా పోదు!”

లూదియా టీ ముట్టుకోనేలేదు. గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడింది.

“అన్నా, అన్నీ గుర్తుంటాయంటాండావు గదా. నా ల్యాప్‌టాప్ యాడుంది?”

జనార్దనం చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“అంగట్లోనే టీచరమ్మా. ఆపరేషన్ అయిపోయింది. కట్టు కట్టి పండబెట్టినా.”

“ఇప్పుడే పోదాం పా.”

“ఇప్పుడా? గాలి సోకుతాదేమో...”

అప్పుడు మా బెంచీ చివర ఖాకీ చొక్కాతో కూర్చున్న మనిషి గొంతు సవరించుకున్నాడు. ఏసయ్య అని, నంద్యాల బస్సు కండక్టరు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో మేమెవరం చూడలేదు.

“జనార్దనం అంటే నువ్వేనాప్పా?” అని బెంచీ కింద నుంచి ఒక నీలం సంచి తీసి టీచరు ముందు పెట్టాడు. “శనివారం మా బస్సులో ఎనక సీటు కింద దొరికింది. నాలుగు దినాలు డిపోలో పడుండె. లోపల నీ అంగడి రసీదుంటే అడుక్కుంటా వచ్చినా. వచ్చేసరికి నువ్వు మంచుగడ్డ కాడుండావు. కథ బాగుంది, కానీలే అని కూచున్నా.”

రెండు బెంచీలూ కదిలిపోయేటట్టు నవ్వాం. లూదియా మాత్రం నవ్వలేదు. జిప్పు లాగి ల్యాప్‌టాప్ తీసి తిప్పి చూసింది. ఇచ్చేటప్పుడు తాను అంటించిన టేపు అంటించినట్టే ఉంది, ఒక్క స్క్రూ కూడా కదల్లేదు.

“నంద్యాలకు ఎందుకు తీస్కపోయినావన్నా?”

జనార్దనం తల దించుకున్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడటం మేం అదే మొదటిసారి వినడం.

“నాకు డిస్కు పని రాదమ్మా. రాదని చెప్పడానికి నోరు రాలేదు. నంద్యాల్లో తెలిసినాయనకు చూపిద్దామని పోతా, బస్సులో పక్కాయనకు ఏదో కథ చెప్తా చెప్తా అట్లే దిగిపోయినా. నాలుగు దినాల్నుంచి బస్టాండ్ల చుట్టూ తిరుగుతాండా.”

“ఆన్ చేయలేదు గదా?”

“ఒక్కసారి కూడా. నా బిడ్డల మీద ఒట్టు.”

లూదియా ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుంది. ఆమెకు కోపం రావాల్సింది, కండ్లల్లో నీళ్లొచ్చాయి. సంచి భుజానికి తగిలించుకుని, కర్నూలు బస్సుకు ఎంత టైముందని ఏసయ్యను అడిగింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“జనార్దనన్నా, ఇన్నేండ్లలో నువ్వు చేసిన రిపేర్లన్నిట్లో సక్కంగా కుదిరింది ఇదొక్కటేన్నా, మర్చిపోవడం.”