వెర్నా హెయిక్కినెన్ గారు నమ్మని మేపుల్ చెట్లు

1987 ఏప్రిల్ ఆరవ తేదీన, రోడ్లపై మంచు ఇంకా కరగని ఉదయాన, శ్రీమతి వెర్నా హెయిక్కినెన్ గారు మన హాల్డెన్ బే నగర వృక్ష విభాగంలో మొక్కలు నాటే బృంద సభ్యురాలిగా ప్రవేశించారు. ముప్పై ఎనిమిదేళ్ల సేవానంతరం పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణిని, విభాగాధిపతి హోదాలో అభినందించే అర్హత నాకున్నదో లేదో ఈ వ్యాసం చివరిదాకా చదివినవారే తేల్చాలి.

పదేళ్లలోనే ఆమె వృక్ష ఎంపిక అధికారిణి అయ్యారు. నర్సరీవారి చీటీని ఏనాడూ నమ్మక, వేళ్లు కాండానికి ఉరిలా చుట్టుకున్నాయేమోనని ప్రతి మొక్క మొదలూ తవ్వి చూసేవారు. కరెంటు తీగల కింద వెండి మేపుల్‌ను, చలికాలం ఉప్పు చల్లే రోడ్ల పక్కన చక్కెర మేపుల్‌ను నాటనిచ్చేవారు కారు. మేపుల్ అంటే ప్రాణం పెట్టే ఈ ఊళ్లో ఆమెకు మేపుల్ ద్వేషి అని పేరు పడింది. 2003లో ప్రొబేషన్‌పై చేరిన నేనూ ఆ మాటే నమ్మాను.

ఆమె కోటు జేబులో ఎప్పుడూ ఒక సీసా ఉండేది. అది మందేనని నా గట్టి అనుమానం. కూల్చేసిన బడి పక్క వీధికి నేను అరవై ఎర్ర మేపుల్ మొక్కలు ఎంపిక చేసిన రోజున, ఆ వీధిలోనే సీసా బయటికి వచ్చింది.

"ఏంటి మేడమ్, పొద్దున్నే మొదలెట్టారా?"

"నీకూ ఓ గుక్క కావాలా నాయనా? ఇదిగో, తాగు."

తాగాను. వెనిగర్! నా మొహం చూసి బృందమంతా పడీపడీ నవ్వింది. ఆమె మిగిలినదాన్ని మట్టిపై పోశారు. మట్టి బుసబుసా పొంగింది.

"చూశావా? బడి గోడల సున్నమంతా ఇందులోనే ఉంది. ఎర్ర మేపుల్‌కి సున్నం పడదు. ఏడాది తిరక్కుండా ఆకులకి కామెర్లొస్తాయి. సున్నాన్ని తట్టుకునే కంచె మేపుల్ పెట్టుకో."

కొత్తవాణ్ణి ఎదగనివ్వడం ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. నవంబరులో జింకల వేటకు ఆమె సెలవు పెట్టగానే ఆ అరవై మొక్కలనూ నాటించేశాను. మరుసటి జూన్‌కు వీధి వీధంతా పసుపు తేలింది. విచారణ జరిగింది. నా ఉద్యోగం ఎలాగో నిలిచింది గానీ, నా మీద ఫిర్యాదు రాసింది ఆమేనని అనుమానించి, ఇరవై ఏళ్లు కాఫీ గదిలో ఆమె ఎదుట కూర్చోలేదు.

ఈ వ్యాసం కోసం గత వారం ఆ విచారణ పాత ఫైలు తెరిచాను. "ఎంపిక చేసినవారు" అన్న చోట ఆమె చేతిరాతతో ఆమె పేరే ఉంది. ఆ తప్పు కారణంగానే ఆమెకు విభాగాధిపతి పదవి నిరాకరించినట్టు కింద రాసి ఉంది. సిగ్గుతో తల వాలిపోయింది. వెళ్లి అడిగాను.

"ఎందుకిలా చేశారు మేడమ్?"

"నిన్ను తీసేస్తే ఇంకో కొత్తవాణ్ణి మొదట్నించీ అనుమానించాలిగా. అంత ఓపిక నాకెక్కడిది?"

ఆ జవాబును నేను పూర్తిగా నమ్మలేదు. ఆమె కుటుంబ సభ్యులకు, సహోద్యోగులకు విన్నవిస్తున్నాను: ఆ అరవై చెట్లనూ ఎంపిక చేసింది నేను. ఆమె పేరు కొట్టివేసి నా పేరు రాసి, సంతకం చేసి, ఫైలును నగర సభకు పంపాను. వెర్నా గారు నూరేళ్లు చల్లగా, ఆరోగ్యంగా ఉండాలి. ఆమెకు దక్కవలసిన కుర్చీలో ఇన్నాళ్లూ కూర్చున్న నన్ను, వీలైతే క్షమించాలి.