ఇత్తడి రజను

బస్తర్ సంస్థానం రోజుల్లో, ఒక ఉదయం కంచరి కాశయ్య భార్య ఆశతో భోపాలపట్నం బడికి పరుగున వచ్చింది.

"మా ఆయన కంట్ల రజను పడ్డది పంతులూ. దవాఖానల కన్నే తీసెయ్యాలన్నరు. మొన్న కమ్మరి లక్మా కంట్ల రజనును మీ అయస్కాంతం తోటి గుంజిన్రు గద. ఒక్కసారి రాండ్రి."

"లక్మా కంట్ల పడ్డది ఇనుము. కాశయ్య కంట్ల పడ్డదేంది?"

"చెంబు సొట్ట తీస్తుంటే అంచు విరిగి ఎగిరింది. ఇత్తడి."

పంతులు తల అడ్డంగా ఊపాడు.

"రాదమ్మా. అయస్కాంతం ఇనుమును గుంజుతది, ఇత్తడిని గుంజదు."

"మీది చిన్నదనా? పట్నంల కరెంటు తోటి బలం పెంచేది ఉంటదంట గద."

"ఎంత పెంచినా ఇత్తడిని పట్టదు."

ఆమె నమ్మలేదు. బల్ల మీది అయస్కాంతాన్ని తానే తీసి, తన కాలి ఇత్తడి కడియానికి ఆనించి వదిలింది. అది నేల మీద పడింది. మళ్లీ ఆనించింది. మళ్లీ పడింది.

"మొకం కడుక్కొని వాకిట్ల కూసున్నడు పంతులూ, మీరొస్తరని."

"నేనొచ్చి చెప్తనమ్మా."

"వద్దు. మిమ్మల్ని చూస్తే సంబరపడతడు. నేనే చెప్త."