తల తెగని పాములు

లేదే హునెరో, రొట్టె తేలేదు. సారా కూడా మర్చిపోయా. నీ సమాధి గుమ్మానికి ఒట్టి చేతుల్తో వచ్చానని అలిగితే అలుగు, ముందు నే చెప్పేది విను. బడి మధ్యలో వదిలేసి కొండెక్కి పరిగెత్తుకొచ్చా.

పెన్బుయ్ లేడూ, సమాధుల గోడల మీద రాస్తాడే, వాడి కొడుకుని ఇవాళ కొట్టాను. పలక మీద పాము బొమ్మ గీసే అక్షరం రాయమంటే, తల వేరు, తోక వేరు చేసి రాశాడు. "ఏరా, పాముని నిండుగా రాయడం రాదా?" అని వీపు మీద రెండంటించా. ఏడుస్తూ ఏమన్నాడో తెలుసా? "మా నాన్న ఇలాగే రాస్తాడయ్యా. చచ్చిపోయినోళ్ళ దగ్గర నిండు పాము రాస్తే లేచి కరుస్తుందంట!"

అంతే, నా చేతిలోంచి బెత్తం జారిపోయింది.

నాకు తెలీదూ ఆ సంగతి? తెలుసు! కానీ ముప్పై ఏళ్ళుగా బళ్ళో నిండు పామే రాయించానే. నీ శవపెట్టె లోపల ఇంకెవర్నైనా రాయనిచ్చానా? నా పెళ్ళానికి నేనే రాస్తానని కూర్చున్నా. కళ్ళ నిండా నీళ్ళు. చెయ్యి దాని అలవాటున అది రాసుకుపోయింది. నీ చుట్టూ అన్నీ పాములేనే... ఒక్కదాని తలా తెంచలేదు!

తీసి చెరిపేద్దామంటే తలుపుకి ముద్ర వేసేశారు. అది పగలగొడితే దొంగని చేసి కొరత వేస్తారు. నా పిరికితనం నీకు కొత్తా?

ఉండుండు. పాముల్ని తరిమే మంత్రం కూడా రాశా, నీ ఎడమ చేతి పక్కనే. అది చదివితే చాలు, దగ్గరికి రావు.

చదివితే.

అవునే, పెళ్ళైన కొత్తలో అడిగావు, నాకూ నాలుగక్షరాలు నేర్పవయ్యా అని. రొట్టెలు కాల్చేదానికి అక్షరాలెందుకన్నా. రాళ్ళు కొట్టేవాడి కొడుక్కి కూడా నేర్పాను, నీకు నేర్పలేదు. నిజం చెప్పనా? ఏడాది తిరక్కుండా నన్ను మించిపోతావని భయమేసింది. అందుకే.

సరే, చదవక్కర్లేదు. నోటికి నేర్చుకో. బళ్ళో పిల్లలకి చెప్పినట్టే చెబుతా, నా వెనకాల అను. "పాకేదానా, నీ నోట్లో మట్టి పడ! నేను సూర్యుడి మనిషిని, నా జోలికి రాకు."

ఏదీ, అను.

అనవే హునెరో. కొట్టన్లే, అను.