చేబదులు పెట్రోలు

ఆ… హలో, నేనేరా, అక్కనే. రేవులోనే ఉన్నా… ఏంటీ? గట్టిగా చెప్పు, గాలి హోరు తప్ప నీ మాట వినబడట్లేదు…

పడవ ఆగిపోయిందా? ఎక్కడ?… నడి ఏట్లోనా!

ఊరికే ఆగిందంటావేంటి? మోటారేమన్నా అలిగిన అల్లుడా, ఊరికే ఆగడానికి? ముందు దగ్గిందా?… ఆ, దగ్గి దగ్గి ఆరిపోయింది. అంతేగా?

మోటారు తాడు లాగకు — లాగకురా! ఎంత లాగితే అంత చెడుతుంది. పెట్రోలు ఫిల్టర్ విప్పు. అదే, గాజు గిన్నె… ఆ, అదే విప్పు. వెలుతురుకి పెట్టి చూడు. అడుగున ఏముంది?…

నీళ్ళు.

నీళ్ళెక్కణ్ణించొచ్చాయి? డబ్బా మూత తీసి వదిలేశావా?… మరి? ఏ డబ్బాలోది పోశావ్?… ఎర్రదా? అబద్ధం. ఎర్రదైతే నీళ్ళు రావు. బంకుల్లో కలిపే ఆ సారా సరుకు, ఇథనాల్, అందులో చుక్క కూడా లేదు. దాని కోసం బంకులన్నీ కాళ్ళరిగేలా తిరిగినదాన్ని, నాకు తెలీదా? సీసాలో నీళ్ళు పోసి, గీత పెట్టి, పైన పెట్రోలు పోసి ఊపితే ఎక్కడ చూసినా నీళ్ళు గీత దాటి పైకే. కలిపిందే, అన్నిచోట్లా కలిపిందే! బంకువాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చివరికి రంపం మిషన్లవాళ్ళకి విడిగా అమ్మే బంకొకటి దొరికితే, పాలవ్యాను డ్రైవర్ని బతిమాలి, కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చా. అలాంటి పెట్రోల్లో…

ఏమన్నావ్? నిండుగా ఉంటే అదే పోశావా?

ఆగు. నిండుగా ఎలా ఉంటుంది? నేను చూసినప్పుడు సగానికి దిగింది…

నసగకు. చెప్పు…

చేబదులా?

పెట్రోలు చేబదులిచ్చావా! ఎవరికి?… మీసాల బాబాయికి. సరే. తిరిగిచ్చేశాడు. సరే. కొసరు కూడా పోసి ఇచ్చాడు… ఆహా, ఎంత నిజాయితీ! ఒరేయ్, ఇదేమన్నా పంచదారా, గ్లాసుతో తీసుకుని గ్లాసుతో పొయ్యడానికి? ఆయన ఏ బంకులో కొట్టించి పోశాడో అడిగావా?…

‘పెట్రోలు పెట్రోలేగా అక్కా’ అట! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇథనాల్ గాల్లో తేమంతా తాగి కూర్చుంటుందిరా, ఆ తేమే నీళ్ళై అడుక్కి దిగుతుంది. మెకానిక్ నీ ముందే చెప్పాడా లేదా? తలకాయ కూడా ఊపావ్! మోటారుకి మందు తాగించి, నడి ఏట్లోకి తీసుకెళ్ళి, ఎందుకు తూలిందని నన్నడుగుతావేంటి?

…ఎవరా అరిచేది? పడవెక్కిన టీచరమ్మా? ఏమంటోంది?…

ఒడ్డు కదులుతోందా.

లంగరు వెయ్యలేదా నువ్వు! ఆనకట్ట గేట్లెత్తారని పొద్దున్న మైకులో అరుస్తూనే ఉన్నారు కదా! ముందు లంగరెయ్యాలా, ముందు నాకు ఫోన్ చెయ్యాలా? వెయ్! ఫోన్ టీచరమ్మకిచ్చి వెయ్…

అమ్మా, మీరు లేవకండి. కూర్చోండి, మధ్యలో కూర్చోండి. టైలర్‌గారిని కూడా కూర్చోబెట్టండి… ఏం కాదమ్మా. నేను అరిచేది వాడి మీద, మీ మీద కాదు…

ఆ, వేశావా? పట్టిందా?… జారుతోందా? బురదరా అక్కడ, తాడింకా వదులు. పొడుగ్గా వదిలితేనే కరుచుకుంటుంది… ఉన్నదంతా వదిలేశావా?… ఇంకా జారుతోందా?…

కొంచెం కొంచెంగా అంటే ఎంత? ఆనకట్ట స్తంభాలు కనిపిస్తున్నాయా నీకు?…

సరే. సరే. లైన్లో ఉండు.

— బాబాయ్! ఓ మీసాల బాబాయ్! అవును, నీ గురించే! మోటారు విప్పి గోనె మీద పరుచుకున్నావే, అదెందుకు చచ్చిందో ఇప్పుడన్నా అర్థమైందా? వాడి దగ్గర తీసుకున్నది మంచిది, నువ్వు పోసింది కలిపింది, నీ మోటారులోనూ ఆ కలిపిందే, వాడి దాంట్లోనూ అదే!… ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ. తెడ్లెక్కడ?… పాకలోనా? పరిగెత్తు! చేంతాడు కూడా పట్రా, పెద్దది!

…ఆ, ఉన్నా. విను. లైఫ్ జాకెట్లు అందరికీ తొడిగావా?… టీచరమ్మకి, టైలర్‌గారికి, ఆయన భార్యకి… నీకో?

నీకోరా?…

చంటిదాన్నెత్తుకుని ఎవరో ఆవిడ ఆఖర్న పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. ఒకటి తక్కువైంది. నీది తీసి ఇచ్చేశావ్…

లేదు. తిట్టట్లేదు. దానికి నేనేమీ అనను… అననన్నానుగా!

…ఏడుపు కాదిది, ఒళ్ళు మండిపోతోంది నాకు. భయమేస్తే నాకిలాగే ఒళ్ళు మండుతుంది, చిన్నప్పట్నించీ చూస్తున్నావుగా.

— ఇటియ్యి బాబాయ్, ఆ పెద్ద తెడ్డు నాకియ్యి. నీ పడవే తీద్దాం, నువ్వు వెనకెక్కు.

…వస్తున్నాం. బాబాయీ నేనూ. తెడ్లేసుకునే. ప్రవాహం ఎలాగూ నీ వైపే ఉంది, తొందరగానే చేరతాం. తాడు విసిరితే నీ పడవ ముక్కుకి కట్టు, వెనక్కాదు. గట్టు దగ్గరకి అడ్డంగా లాగేస్తాం… అదంతా నేను చూసుకుంటా. నువ్వు పడవంచు వదలకు. ఆ చంటిదాని తల్లి పక్కనే కూర్చో.

ఇంకా సగం తిట్లు కూడా అవ్వలేదు, మిగతావన్నీ నీ మొహం మీదే తిట్టాలి. అప్పటిదాకా నువ్వుండాలి. విన్నావా?… ఆ, అనమంటే అను, ‘ఉంటా’ అని అను… ఇంకొంచెం గట్టిగా.

ఊఁ.

— తొయ్యి బాబాయ్!

…వద్దురా, మాట్లాడుతూనే ఉండమని అడగకు. తెడ్డుకి రెండు చేతులూ కావాలి నాకు. పెట్టేస్తున్నా.